తడిసిన నైలాన్ ముక్క

ఇన్నేళ్ళలో నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పని మాట ఇది: నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్దాయన మీద పడ్డ నింద నిజానికి నాది. మొన్న గుడివాడ నుంచి బందరు వెళ్తుంటే బస్సులో పక్కసీటావిడ ప్యాకెట్ విప్పి ఒక లడ్డూ నా చేతిలో పెట్టింది, నేను తినకుండా ముందు వాసన చూశాను. "పొద్దున కొన్నదేలేమ్మా, విషం కాదు" అని ఆవిడ నవ్వింది గానీ, నాకు పెడన దాటినా మనసు కుదుటపడలేదు.

అప్పట్లో గుడివాడలో ముదినేపల్లి రోడ్డు మీద ఒక చిన్న కంపెనీ ప్యాకింగ్ కవర్లు తయారుచేసేది. ఆ కవర్ల ముక్కలు కోసి, వాటిగుండా గాలి ఎంత పోతుందో ల్యాబులో యంత్రం మీద చూడటం నా పని. చిల్లు లేకపోతే కవరులోకి ఏదీ పోదని మనమంతా అనుకుంటాం గానీ, గాలి ప్లాస్టిక్‌లోకి ఇంకి, దారాల్లా చిక్కుపడి ఉన్న దాని అణువుల సందుల్లోంచి మెల్లగా జరుగుతూ అవతలికి చేరుతుందని నాకు నేర్పింది మా సీనియర్ గారే. అవనిగడ్డ మనిషి, నేను తలెత్తి మాట్లాడకపోయినా విసుక్కోకుండా పని చెప్పేవారు.

ఆ ఏడాది వానలకు ముందు బందరు నుంచి లడ్డూల వ్యాపారి ఒకాయన వచ్చాడు, అందరం మావయ్య అనే పిలిచేవాళ్ళం. మామూలు పాలిథిన్ తేమను ఆపుతుంది గానీ గాలిని ఆపదు, అందుకే ఆయన లడ్డూల్లో నెయ్యి ముక్కిపోతోంది. నైలాన్ అయితే గాలిని ఆపుతుందని, ఏసీ గదిలో పొడి ముక్కను పరీక్షించి బాగుందని తేల్చాం. నాకే ఎందుకో ఊరుకోబుద్ధి కాక, ఎవరికీ చెప్పకుండా ఒక ముక్కను అడుగున నీళ్ళు పోసిన సీసాలో వేలాడదీసి రెండ్రోజుల తర్వాత తూచాను. బరువు పెరిగింది. యంత్రంలో పెడితే ముందుకంటే చాలా ఎక్కువ గాలి పోతోంది. నైలాన్ తేమను తాగుతుంది, తాగినకొద్దీ అణువుల పట్టు సడలి గాలికి దారిస్తుంది. వానాకాలంలో గోడలే చెమర్చే బందరులో ఆ కవరు ఏమవుతుందో నాకు అర్థమైంది. డైరీలో రాసుకున్నాను, అంతే.

మర్నాడు కవరు ఖాయం చేయడానికి అందరూ కూర్చున్నారు.

"నెల్లాళ్ళు నిలబడుద్దా అండీ?" అన్నాడు మావయ్య.

"రాయిలా ఉంటుంది" అన్నాడు మా యజమాని.

"రాయిలా ఉంటే ఎవడు తింటాడండీ బాబూ!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సీనియర్ గారు నా వైపు తిరిగి, "ఏమ్మా, నీకేమైనా అనుమానమా?" అని అడిగారు. అన్ని ముఖాలూ నా మీదికి తిరిగాయి. లేదన్నట్టు తలూపాను. ఆయన పరీక్ష కాగితం మీద సంతకం పెట్టారు.

శ్రావణం దాటేసరికి బెజవాడ షాపుల నుంచి పెట్టెలకు పెట్టెలు వెనక్కి వచ్చాయి, విప్పితే ముక్కిన నెయ్యి వాసన. మావయ్య బయటి ఊళ్ళకు పంపడం మానుకుని, లడ్డూ పిండి దంచే ఇద్దరు ఆడవాళ్ళను పనిలోకి రావద్దన్నాడు. సంతకం ఎవరిదని యజమాని అడిగితే, సీనియర్ గారు తనదేనని చెప్పి ఉద్యోగం వదిలేశారు. నా డైరీ అప్పుడు నా ఒళ్ళోనే ఉంది.

ఇప్పుడు నైలాన్‌ను రెండు పాలిథిన్ పొరల మధ్య దాచి కవర్లు చేస్తున్నారు, తేమ దాని దాకా అంత సులువుగా పోలేదు. మనం చిన్నప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి కొన్నవన్నీ ఇప్పుడు తేదీ చూసి కొంటున్నాం. నేను మాత్రం ఏ ప్యాకెట్ చూసినా అంచులు తడుముతూనే ఉంటాను. సీనియర్ గారు వెళ్ళిపోయిన రోజు చెప్పేద్దామనే బస్టాండు దాకా వెంట నడిచాను, మాట నాలుక చివరకు వచ్చింది, అవనిగడ్డ బస్సూ వచ్చింది. ఆయన మెట్టెక్కి వెనక్కి తిరిగి అన్నారు:

"తడిలో పెట్టి చూడాలని నాకే తోచలేదు, చిన్నదానివి, నీకు మాత్రం ఎలా తెలుస్తుంది? దిగులుపడకు, ఇంటికెళ్ళి అన్నం తిను తల్లీ."