కూపర్ సందులో తెగిన మంచు గోడ

సముద్రం ఒడ్డున, చలికాలమంతా మంచు కురిసే గల్ ఆర్మ్ ఊళ్లో డోర్కస్ కీపింగ్‌ను తిట్టుకోని ఇల్లు లేదు. ఆమె కౌన్సిల్ వారి లోడర్, అంటే ముందు పెద్ద పళ్ల బకెట్ ఉన్న మంచు ఎత్తే బండి, నడిపేది. వీధిలో మంచు ఎత్తి పక్కకు పోస్తే, అప్పుడే చెమటోడ్చి వాకిలి శుభ్రం చేసుకున్నవాడి గుమ్మం ముందు మళ్లీ నడుమెత్తు గుట్ట లేచేది. చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక, నలభై ఒకటో ఏట ఆ బండెక్కింది. అప్పటికి ఆ తీరంలో ఆ పని చేసే ఆడమనిషి ఇంకొకరు లేరు.

"ఏమే డోర్కస్, నా వాకిట్లో కొండ కట్టి పోతున్నావా?" అని అరిచేవారు.

"మెట్లు కూడా కట్టుకో బాబాయ్, పైకెక్కితే సముద్రం కనిపిస్తుంది," అని ఆమె అద్దం దించి మరీ బదులిచ్చేది.

పదహారు చలికాలాలు అలాగే గడిచాయి. ఆ జనవరిలో వచ్చిన తుఫాను మాత్రం వేరు. శుక్రవారం పొద్దున మొదలై శనివారం మధ్యాహ్నానికి గానీ తెరిపి ఇవ్వలేదు. జనం తలుపు లోపలికి లాగితే ఎదురుగా తెల్లటి గోడ, దాని మీద తలుపు చెక్కల అచ్చు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కౌన్సిల్ బండ్లు తప్ప ఏ బండీ రోడ్డెక్కకూడదని హుకుం వచ్చింది. ఆస్పత్రి దారి ముందు, వృద్ధాశ్రమం తర్వాత, ఆ పైన పెద్ద వీధి. కౌన్సిల్ పనుల మేస్త్రీ క్లార్ మాచిమ్ ఒక లిస్టు పట్టుకుని రేడియోలో ఒక్కో పేరూ చదువుతున్నాడు.

"కూపర్ సందు సంగతేంటి? టక్ వాళ్లిల్లు ఒక్కటేగా అక్కడ. ఖాళీ అని రాసుంది."

"ఖాళీయే," అంది డోర్కస్. "అబ్ మామా, ఎఫీ అత్తా క్రిస్మస్ అవగానే హాలిఫాక్స్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతారుగా ఏటా. అది ఆఖర్న చూద్దాంలే."

ఆ మాట అన్నప్పుడు ఆమె ఒక చేత్తో బ్రెడ్డు ముక్క తింటూ ఉంది. రుచి కూడా గుర్తుంది ఆమెకు. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో.

సోమవారం పదకొండు గంటలకు కూపర్ సందు వంతు వచ్చింది. అది కూడా ఇంటి కోసం కాదు. సందు చివర ఫైరింజను వాళ్ల నీళ్ల కుళాయి ఉంది, అది బయటపడాలి. ఎండ కాస్తోంది. పల్లంలో ఉన్న ఒంటి అంతస్తు ఇల్లు కప్పు దాకా పూడిపోయింది. పొగ గొట్టంలోంచి పొగ వస్తూనే ఉండి ఉంటుంది. కానీ కరెంటు పోయిన ఊళ్లో ఎటు చూసినా పొగే. డోర్కస్ తలెత్తి చూడలేదు.

ఒకసారి దారి చీల్చింది. రెండోసారి దారి వెడల్పు చేయడానికి పక్క గోడను చెక్కుతూ వచ్చింది. బకెట్ అంచు తగలగానే మనిషెత్తు మంచు పలక ఒకటి ఊడి కింద పడింది.

దాని వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

మంచులో తవ్విన సొరంగం. అందులో చేతిలో పారతో ఒక ముసలాయన. బకెట్ పళ్లు ఆయన రొమ్ముకు జానెడు దూరంలో ఆగాయి. బ్రేకు తొక్కినట్టు డోర్కస్‌కు ఎప్పటికీ గుర్తు రాలేదు. బండి ఆగింది, అంతే. ఆయన ఆమెను చూశాడు, ఆమె ఆయన్ను చూసింది. ఆమె ఇంజను ఆపి మంచులోకి దిగింది.

"డోర్కస్సా?" అన్నాడు అబ్సలోమ్ టక్. "నువ్వేనా తల్లీ? హడలగొట్టేశానా?"

"హాలిఫాక్స్ వెళ్లలేదా మామా?" అంది.

"ఈ ఏడు ఎఫీకి ప్రయాణం పనికి రాదన్నాడమ్మా డాక్టరు."

"అత్త ఏదీ?"

"నిన్న పొద్దున పోయింది." వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. "పాస్టరుగారికి కబురు చెయ్యాలి కదా. అందుకే తవ్వుతున్నా."

ఎనభై ఒక్క ఏళ్ల మనిషి. గుమ్మం నుంచి సందు దాకా ఇరవై అడుగులు. తవ్విన మంచును వంటింట్లోకి మోసి, స్నానాల తొట్టిలో, బకెట్లలో, పీపాల్లో నింపాడు. ఇంట్లో ప్రతి గిన్నెలోనూ మంచు కరుగుతోంది. పడకగదిలో ఎఫీ మీద అతుకుల దుప్పటి కప్పి, తల దువ్వి, గది చల్లగా ఉండాలని పొయ్యి వైపు తలుపు మూసి ఉంచాడు. డోర్కస్ గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి అడుగు పడలేదు.

ఆయన డబ్బా పాలు పోసి టీ కలిపి ఇచ్చాడు. ఆమె కప్పు అందుకుని బల్ల మీద పెట్టేసింది.

"తాగమ్మా. నీ మొహం ఎఫీ మొహం కన్నా పాలిపోయింది."

"మామా," అంది డోర్కస్, "శనివారం ఈ సందు వద్దన్నది నేనే. ఇల్లు ఖాళీ అన్నాను. నా నోటితోనే."

ఆయన పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు. ఇంకొకటి తోశాడు.

"శనివారం ఎఫీ బాగానే ఉంది. పేకాటలో నన్ను రెండుసార్లు ఓడించి ఎగతాళి కూడా చేసింది. దారి ఉన్నా మేం ఎక్కడికీ పోయేవాళ్లం కాదులే."

నిజం చెప్పాడో, తన మొహం చూసి జాలిపడ్డాడో ఆమెకు తెలియలేదు. నిద్రలోనే గుండె ఆగిందనీ, ఎవరున్నా చేసేదేమీ లేదనీ తర్వాత నర్సు కూడా చెప్పింది. డోర్కస్ తల ఊపింది. నమ్మిందా అంటే, ఏమో.

జరిగింది ఆమె రేడియోలో క్లార్‌కు చెప్పింది. "లిస్టు రాసింది నేనే డోర్కస్," అన్నాడు.

గంటలో ముప్పై మంది పారలు భుజాన వేసుకుని వచ్చారు. ఎవరూ పిలవలేదు. మామూలుగా నలుగురు కలిస్తే పరాచికాలు ఆగని ఊరు అది. ఆ రోజు పారల చప్పుడు తప్ప ఏమీ లేదు. సొరంగం కప్పు పడగొట్టి, ఎఫీని మంచు మీద లాగే స్లెడ్డు బండి మీద చర్చికి తీసుకుపోయేంత దారి చేత్తోనే చేశారు. లోడర్‌ను క్లార్ ఎక్కి వెనక్కి తీశాడు. ఎక్కమని డోర్కస్‌ను ఎవరూ అడగలేదు.

శ్మశానంలో ఏడడుగుల మంచు. సమాధి రాళ్ల కొసలు కూడా కనిపించలేదు. టక్ వాళ్ల జాగా ఎక్కడో కర్రలు గుచ్చి వెతకాల్సి వచ్చింది. గొయ్యి తవ్వడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ డోర్కస్ గొయ్యిలోనే ఉంది. ఆడవాళ్లు సూపు, రొట్టె తెస్తే నిలబడే తిని మళ్లీ పార అందుకుంది. విమానాలు మొదలై కూతురు మెర్లీ గురువారం వచ్చాక గానీ ఖననం జరగలేదు.

తర్వాతి వారం కౌన్సిల్ మీటింగులో తుఫాను లెక్కలు చదువుతున్నారు, ఎన్ని మైళ్ల మంచు తోశారో, ఎన్ని గంటలో. డోర్కస్ లేచి నిలబడింది.

"లిస్టు చూసి ఇల్లు ఖాళీ అనుకోకండి. వెళ్లి తలుపు కొట్టాలి. ప్రతి సందులోనూ బండి ముందు ఒక మనిషి కర్ర పట్టుకుని నడవాలి. మంచు గోడ ముట్టుకునే ముందు గుచ్చి చూడాలి."

"ఆ చలిలో ఎవరు నడుస్తారమ్మా?" అన్నారెవరో వెనక నుంచి.

"నేను."

మళ్లీ లోడర్ ఎక్కలేదు ఆమె. భయమా అని అడిగితే అవునంటుంది, దాచుకోదు. క్లార్ తోలుతుంటే పొడవాటి కర్రతో ముందు నడుస్తుంది. జనం మెల్లగా మళ్లీ నోరు విప్పారు.

"ఏం డోర్కస్, బండి పోయి కర్ర వచ్చిందే చేతికి?"

"కర్రకు బ్రేకుల గొడవ లేదు బాబాయ్," అంటుంది.

అబ్ మామ కూతురి వెంట హాలిఫాక్స్ వెళ్లిపోయాడు. కూపర్ సందు ఇప్పుడు నిజంగానే ఖాళీ. అయినా మంచు పడిన ప్రతిసారీ డోర్కస్ ఆ గుమ్మం దాకా దిగుతుంది. మూడుసార్లు కొట్టి, చెవి తలుపుకు ఆనించి నిలబడుతుంది. వెనక క్లార్ ఇంజను ఆపేసి, ఆమె చెయ్యెత్తే దాకా కదలకుండా కూర్చుంటాడు.