వాన కోటు సర్దిపెట్టే మనిషి

హార్లింగెన్ రేవు చుట్టుపక్కల పల్లెల్లో మంచాన పడ్డ ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, పుళ్ళకి కట్లు కట్టేది బౌక్య. ఇల్లిల్లూ సైకిల్ మీదే తిరిగేది. అంతా సముద్రపు కట్ట వెంబడి దారి. గాలి లేచిందంటే మనిషిని సైకిల్‌తో సహా కాలవలోకి నెట్టేస్తుంది.

అయినా వానా గాలీ సంగతి ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. ఆ పని మొగుడు డౌవది. అతను వయసులో ఉండగా చేపల పడవల మీద పనిచేసినవాడు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, ఆమె సంచి సర్దేవాడు. వాన కోటు, వాన ప్యాంటు, పొడి మేజోళ్ళు. చలికాలం రాకముందే గరుకు టైర్లు వేయించి, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసేవాడు.

"ఎండ ఫెళ్ళున కాస్తుంటే ఇవన్నీ ఎందుకయ్యా, గాడిదలా మోయడానికా?" అనేది బౌక్య.

"మధ్యాహ్నం నన్నే తలుచుకుంటావులే, పో."

తలుచుకునేది, తిట్టుకుంటూనే.

తర్వాత డౌవకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఓ నవంబరులో, తుఫాను వస్తుందన్న రోజున దారి మధ్యలో సంచి తెరిస్తే, వాన కోటుకి బదులు ఎండ టోపీ, ఈత బట్టలు ఉన్నాయి. ఆమె ఎముకలదాకా తడిసి ఇల్లు చేరింది. డౌవ గుమ్మంలోనే ఉన్నాడు.

"చూశావా? నేను సర్దకపోతే ఏమైపోయేదానివి!"

"అదే కదా," అంది బౌక్య, పళ్ళు టకటకలాడుతుంటే.

మర్నాడే ఇంకో కోటు కొని పక్కింటివాళ్ళ షెడ్డులో దాచుకుంది. అతను సర్దిన సంచిని మాత్రం విప్పి చూడకుండా మోసుకెళ్ళేది.

డౌవ చెప్పాపెట్టకుండా కట్ట దాటి సముద్రపు బురదలోకి నడిచిపోవడం మొదలుపెట్టాక, వృద్ధాశ్రమంలో చేర్చక తప్పలేదు. ఎవరెవరి మొగుళ్ళకో స్నానం చేయిస్తూ, తన మొగుణ్ణి పరాయివాళ్ళ చేతుల్లో పెట్టానన్న బాధ ఆమెని వదిలేది కాదు.

పని అయ్యాక రోజూ వెళ్ళేది. ఓ సాయంత్రం వడగళ్ళ వాన పట్టుకుంది. ఆగి కోటు తొడుక్కునే ఓపిక కూడా లేక అలాగే తొక్కుకుంటూ పోయింది. గదిలో అడుగుపెట్టేసరికి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. డౌవ కంగారుగా లేచాడు.

"అయ్యో, ఇలా తడిసిపోయారేంటమ్మా మీరు? ఇంట్లో చూసుకునేవాళ్ళెవరూ లేరా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెని ‘మీరు’ అనడం అదే మొదలు.

"ఉన్నాడండీ," అంది బౌక్య. "ఇవాళ మరిచిపోయాడు."

"మరిచిపోవడమేంటి! మా ఆవిడా సైకిల్ మీదే పోతుంది. ఒక్కనాడైనా తడవనిచ్చానా?"

తువ్వాలు తెచ్చి, ఆమె తల తుడవసాగాడు. బౌక్య కళ్ళు మూసుకుని తల వంచింది.

"ఇంకాస్త గట్టిగా తుడవండి," అంది.

ఆ చలికాలం దాటకుండానే డౌవ పోయాడు. అంత్యక్రియలయిన వారానికి ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళింది. మొదటి ఇల్లు తొంభై దాటిన యిట్య అనే ముసలావిడది. ఆవిడ వీపుకి సబ్బు రుద్దుతూ రుద్దుతూ, బౌక్య తొట్టి అంచున కూలబడి ఏడ్చేసింది. ముసలావిడ నురుగు చేత్తోనే ఆమె భుజం పట్టుకుని, నీళ్ళు చల్లారేదాకా అలాగే కూర్చుంది.