వంటింటి గోడ మీద మెట్లు

నిన్న వంటింటికి వెల్ల వేయడానికి వచ్చిన మనిషి పొయ్యి పక్క గోడ దగ్గర ఆగి, "ఈ బొగ్గురాతలు చెరిపేయమంటారా అండీ?" అని అడిగాడు. "ఉండు బాబూ" అన్నాను. అవి రత్నం పిన్నిగారు పక్కన కూర్చుని నా చేత రాయించినవి. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. రాజోలులో మా పక్కింట్లో ఒక్కరే ఉంటూ జాకెట్లు కుట్టేవారు. ఆవిడ పోయాక కూడా ఆ గోడ మీద కుంచె పడనివ్వలేదు నేను.

అప్పట్లో మా ఆయన మస్కట్‌లో పడవ పనికి వెళ్లి, నడుముకి దెబ్బ తగిలి తిరిగొచ్చేశారు. తను తోలుకుందామని కొన్న ఆటో వాకిట్లో పడి ఉంది. కాసేపు కూర్చుంటేనే ఆయనకి నడుం పట్టేసేది. చేపలమ్మే పోలమ్మ ఒకరోజు వాకిట్లో నిలబడి, "నువ్వే తోలకూడదేంటే దుర్గా? మా గంపలు పంటు మీద గోదారి దాటించి నరసాపురం బజార్లో దింపు. రోజూ బాడుగ నీదే. దసరా దాకా చూస్తాం, ఆనక ఇంకొకళ్లకి ఇచ్చేస్తాం" అంది. నేను అప్పటిదాకా సైకిలు కూడా తొక్కినదాన్ని కాదు. నాకు ఆ పూట ముద్ద దిగలేదు. వెళ్లి పిన్నిగారి కుట్టుమిషను పక్కన చతికిలబడ్డాను.

"నా వల్ల అవుద్దంటారా అండీ?"

"గీత గీయకుండా గుడ్డకి కత్తెర పెడతామేంటే? పద, మీ గోడ మీద గీద్దాం."

నాలుగో తరగతితో బడి మానేసిన నా చేతికి బొగ్గుముక్క ఇచ్చి, అటక కింద, చెయ్యి అందే చోట, 'ఆటో అవతలి రేవుకి' అని రాయించారు. తర్వాత నన్ను నేల మీద కూర్చోబెట్టి, "ఇంక కింద నుంచి రాయి. మెట్లు పైనుంచి ఎవరూ కట్టరు. మొదటిది, బొగ్గుముక్క తెచ్చుకోవాలి" అన్నారు.

"అది చేతిలోనే ఉంది కదండీ!"

"ఆయ్, ఉంది. అయితే పసుపు బొట్టు పెట్టెయ్. ఒక మెట్టు ఎక్కేసేవు."

ఆ దిగుల్లోనూ నవ్వొచ్చింది. ఊరికే ఆటోలో కూర్చోవడం, స్టార్టు చేసి ఆపేయడం, సందు చివరిదాకా వెళ్లి రావడం, లైసెన్సు... ఒక్కొక్కటీ పైకి పాకుతూ వచ్చింది. ఏ మెట్టుకైనా చాన్నాళ్లు బొట్టు పడకపోతే ఆవిడ తిట్టేవారు కాదు. "ఇది మెట్టు కాదే, గోడ. విరగ్గొట్టు" అనేవారు. 'మెయిన్ రోడ్డు ఎక్కాలి' అన్నది అలాగే విరిగింది. ముందు రోడ్డు పక్కన నిలబడి లారీలు చూడటం ఒక మెట్టు, మా ఆయన్ని పక్కన పెట్టుకుని కొబ్బరి కొట్టు దాకా వెళ్లడం ఇంకో మెట్టు. "ఇంట్లో పసుపంతా ఈ గోడే తినేస్తంది" అని గొణిగేవారు మా ఆయన.

దసరా దగ్గరపడ్డాక ఒక ఉదయం పోలమ్మ గంపలు ఆటోలోకి ఎక్కించి, తను ముందుగా రేవుకి వెళ్లింది. పిన్నిగారు గొడుగు పట్టుకుని వచ్చి గంపల మధ్య సర్దుకుని కూర్చున్నారు. నేను తెల్లబోయాను. ఆవిడ భర్త, బాబాయిగారు, ఆ గోదారి పాయలోనే పడవ మునిగి పోయారు. అప్పటినుంచి ఆవిడ రేవు వైపే వచ్చేవారు కాదు. "మీకెందుకండీ" అంటే, "పోనియ్యవే" అన్నారు.

రేవుకి వెళ్లేసరికి గోదారి పాటు మీద ఉంది. నీళ్లు దిగిపోయి, బళ్లని దాటించే ఆ పంటు ఎక్కడో కిందకి వెళ్లింది. దాని మీదకి ఎక్కించే బల్ల నిలువుగా వాలిపోయి ఉంది. గోదారి పక్కనే పుట్టినవాళ్లం, పోటూ పాటూ సంగతి మరిచి 'పంటు ఎక్కించాలి' అని ఒక్క మెట్టే రాసుకున్నాం! "ఎక్కిస్తారా, తీసేయమంటారా?" అని పంటు నడిపే సరంగు కేక. "చేపలు కుళ్లేదాకా చూస్తావేంటే!" అని పోలమ్మ. తర్వాతి పంటుకి వెళదామన్నాను. అప్పటికి బజారు అయిపోతుందని, ఆ బాడుగ ఇంక నాది కాదని తెలిసే అన్నాను.

పిన్నిగారు దిగి, గొడుగు మొనతో తడి మట్టిలో కింద నుంచి పైకి రాశారు. బ్రేకు మీద కాలు. ముందు చక్రం బల్ల మీదకి. ఆగి ఊపిరి. వెనక చక్రాలు.

"పసుపు లేదు కదండీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"బ్రేకు మీద కాలుందా?"

"ఉందండీ."

ఆవిడ ఆ మట్టిలోనే మొదటి మెట్టు పక్కన వేలితో ఒక చుక్క పెట్టి, వచ్చి వెనకాల కూర్చున్నారు. ముందు చక్రం వాలింది. ఆగాను. ఊపిరి పీల్చాను. వెనక చక్రాలూ దిగాయి. నది మధ్యకి వచ్చాక చూస్తే ఆవిడ చెయ్యి నా భుజాన్ని పట్టేసి ఉంది, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు.

అవతల ఒడ్డు ఎక్కాక, "వచ్చేసేం పిన్నిగారూ" అన్నాను.

"చక్రం నేలకి తగిలిందా?"

"తగిలిందండీ."

అప్పుడు కళ్లు తెరిచారు. "మీ బాబాయిగారు పోయేక ఈ ఒడ్డు చూడ్డం ఇదేనే. నీ గోడ మీద నీ మెట్లతో పాటే నా మెట్లు కూడా ఎక్కేను. ముందే చెబితే నువ్వు బెదురుతావని చెప్పలేదు" అన్నారు.

ఎక్కేసిన మెట్ల మీద వెల్ల వేసేయమనే చెప్పేవారు ఆవిడ. "అవి మోసుకు తిరుగుతామేంటే?" అనేవారు. నాకే మనసు రాలేదు. ఇప్పుడు గంపలన్నీ ఆటోలు మానేసి వ్యానులు ఎక్కుతున్నాయి. ఈ వయసులో నేను వ్యాను నేర్చుకోవాలి. అది తలుచుకుంటే మళ్లీ ముద్ద దిగడం లేదు.

"వెల్ల వేసెయ్ బాబూ" అన్నాను అతనితో. ఈ రోజు గోడ ఆరింది. అటక కింద 'వ్యాను' అని రాసి, నేల మీద కూర్చున్నాను. అన్నిటికంటే కింద 'బొగ్గుముక్క తెచ్చుకోవాలి' అని రాసి, పక్కన పసుపు బొట్టు పెట్టాను.