పడుకుంటేగాని తెరుచుకోని ఫైళ్లు

పాడైన ఫైలుతో వచ్చినవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, ముందు చెప్పులు విడిచి ఊయలలో పడుకోవాలి. కళ్లు మూసుకుని, ఆ రికార్డింగులో ఏమేం వినబడేదో మొదట్నుంచీ చెప్పాలి. అప్పుడుగానీ, ఫైళ్లు బాగుచేసే దొన్ ఎవెలియో కంప్యూటర్ ముట్టుకోడు. మగ్దలేనా నది ఒడ్డునున్న మొంపోస్ ఊళ్లో ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఆ ఒక్కటే పదిమందికి సరిపోతుంది.

భజన పాటలు పాడైపోయాయని చర్చి ఫాదరీ వస్తే ఆయన్నీ పడుకోబెట్టాడు. ఊయల తాళ్లలో అంగీ చిక్కుకుని ఫాదరీ గిలగిల్లాడుతుంటే, "కదలకండి ఫాదర్, మూడో పాటలో దగ్గిందెవరు?" అన్నాడట. ఐస్‌క్రీం బండివాడి ప్రకటన పట్టుమని ఇరవై సెకన్లు కూడా లేదు. వాణ్నీ వదల్లేదు.

"నీ గంట ఎలా మోగేది?"

"టింగుమని."

"ఏ టింగు? పొద్దుటిదా, మధ్యాహ్నానిదా?"

అది తేలేసరికి ముప్పావుగంట పట్టింది, మధ్యలో రెండు గురకలతో.

ఊరి రేడియోలో నాటకాలు నడిపే ఎదిల్సా ఈ కథలు విని నవ్వుకునేది. ఆ శుక్రవారం మాత్రం నవ్వు రాలేదు. చేపల బజారు ఆడవాళ్లు ఏడాదిగా ఆడుతున్న నాటకం చివరి భాగం ఆవేళ నాలుగింటికి రావాలి. మూడు రోజులు నిద్ర మానుకుని కూర్చింది. సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. ఇక ఎన్నిసార్లు నొక్కినా ఫైలు తెరుచుకోదు. మళ్లీ రికార్డు చేద్దామంటే, నాయనమ్మ వేషం వేసిన నికనోరా మొన్ననే పళ్లన్నీ పీకించుకుంది. ఇప్పుడామె "శపిస్తున్నాను" అంటే "ఫఫిఫ్తున్నాను" అని వస్తోంది. చేసేదిలేక ఎదిల్సా లాప్‌టాప్ పట్టుకుని దొన్ ఎవెలియో దగ్గరికి పరుగెత్తింది.

"పడుకో అమ్మాయ్."

"పన్నెండున్నర అయింది, దొన్ ఎవెలియో. మీకు దణ్ణం పెడతాను, ముందు ఫైలు చూడండి."

"చెప్పులు."

పడుకుంది. "మొదట నది," అంది. "తెడ్డు చప్పుడు."

"వేగంగానా?"

"నెమ్మదిగా. పడవలో నాయనమ్మ ఒక్కతే..."

పైన ఫ్యాను తిరుగుతోంది. కిటికీ అవతల మగ్దలేనా నది మెల్లగా పోతోంది. కాసేపటికి రికార్డింగులోని నది ఏదో, కిటికీలోని నది ఏదో ఎదిల్సాకి తెలియలేదు. రెండూ కలిసి ఊయల కిందినుంచి పారాయి. నికనోరా నిండు పళ్లతో నీళ్లమీద నడుస్తూ వచ్చి అందర్నీ తీరిగ్గా తిట్టింది. ఆ తిట్లు జోలపాటలా ఉన్నాయి.

లేచేసరికి మూడూ ఇరవై.

"లేపలేదేం?" అంటూ దిగ్గున దిగింది. ఆయన హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. నది ఉంది, తెడ్డు ఉంది, శాపం పొల్లుపోకుండా ఉంది. అప్పుడు ఆమె కళ్లు తెరమీద ఫైలు పక్కనున్న టైముమీద పడ్డాయి. పన్నెండూ నలభై ఒకటి.

"పది నిమిషాలకే తెరుచుకుందా?"

"సాఫ్ట్‌వేర్ తనంతట తనే ఓ నకలు దాచుకుంటుంది. ముక్కలన్నీ ఉన్నాయి, వరసే చెదిరింది. నకలు చూసి పేర్చాను."

"మరి తెడ్డు సంగతి నన్నెందుకు అడిగారు?"

దొన్ ఎవెలియో మెడ గోక్కున్నాడు. "నీ కళ్లు ఎలా ఎర్రబడ్డాయో చూసుకున్నావా? నిద్రపొమ్మంటే ఎవరూ వినరమ్మాయ్. ఫైలు కోసమంటే పడుకుంటారు."

"ఐస్‌క్రీం అతను కూడానా?"

"వాడిది నిజంగానే పోయింది. ఆ టింగు నేను గరిటెతో కొట్టాను."

నాలుగింటికి నాటకం వచ్చింది. చేపల బజారులో కత్తులు ఆగాయి. నికనోరా తన శాపం తనే విని, బోసినోటితో నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఎదిల్సా ఆ ఊళ్లో పేరుపడ్డ పొరల జున్ను పట్టుకుని వెళ్లేసరికి, దొన్ ఎవెలియో కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతున్నాడు. జున్ను బల్లమీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. ఒక వకీలు పెన్‌డ్రైవు పట్టుకుని గబగబా మెట్లెక్కుతున్నాడు.

"గంట ఆగి రండి," అంది నెమ్మదిగా. "లోపల చాలా సున్నితమైన పని జరుగుతోంది."