గిన్నెలో వేసిచ్చిన మాటలు

ఈ మధ్య నా ఫోను నాకు రోజుకో ఇంగ్లీషు మాట నేర్పుతోంది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని నేను, నాకే నేర్పుతోంది, చూశారా దాని ధైర్యం! నిన్న పొద్దున మదనపల్లెలోని మా అపార్టుమెంటు రెండో అంతస్తులో, ఎప్పటిలాగే ఒక్కదాన్నే కూర్చుని కాఫీ తాగుతుంటే, టింగుమని మోగి 'నైబర్' అన్న మాట చూపించింది. అర్థం, పక్కింట్లో ఉండే మనిషి. వాడుక, మా నైబర్ చాలా మంచివాడు. పర్యాయపదాల దగ్గరికి వచ్చేసరికి పాపం దానికీ ఏమీ దొరకలేదేమో, ఆ చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని నేను ఇదివరకే ఒకసారి చూశాను, కుప్పంలో, ఒక రూళ్ల నోటుపుస్తకంలో.

మాది పుంగనూరు. మొదటి ఉద్యోగం కుప్పంలో వచ్చినప్పుడు, ఒక ట్రంకుపెట్టె, ఒక కిరోసిన్ స్టవ్వు, లావుపాటి డిక్షనరీ పట్టుకుని బస్సు దిగాను. వయసు ఇరవై మూడు, పొగరు మాత్రం హెడ్మాస్టరుకున్నంత. నేను అద్దెకు తీసుకున్న గదికీ పక్కింటికీ మధ్య దొడ్డివైపు నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. గోడకవతల ఒక అక్క. ఆమె భర్త ఊళ్లమ్మట పట్టుగూళ్లు కొనే వ్యాపారి, వారంలో రెండు రోజులే ఇంటిపట్టున ఉండేవాడు, పిల్లలు లేరు. ఎనిమిదో తరగతిలో అక్కను బడి మాన్పించారట, ఇంగ్లీషు మీద ఆశ మాత్రం చావలేదు.

నాకేమో వంట రాదు. చేరిన వారానికే మాడిన అన్నం వాసన గోడ దాటి పోయి, అక్క గోడ మీదుగా గిన్నె చాచింది. "ఏంది టీచరమ్మా, ఈపొద్దు గూడా మాడబెట్టినావా? ఇదో, సంగటీ ఊరిబిండీ ఉండాది, తిను," అంది. వేరుశెనక్కాయలు నూరి చేసే ఊరిబిండి పచ్చడి రుచి మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా! లొట్టలేసుకుని తిని, గిన్నె కడిగి ఇవ్వబోతే అక్క చేతులు వెనక్కి తీసుకుంది. "మా పక్క వట్టి గిన్నె తిరిగి ఇవ్వరమ్మా, ఒగ ఉప్పుగల్లన్నా ఏసి ఇస్తారు." నా మొహం, ఆ పూట నా దగ్గర ఉప్పు కూడా నిండుకుంది. లోపలికి పోయి చీటీ చించి, దాని మీద ఇంగ్లీషులో సాల్ట్ అని రాసి, పక్కనే అర్థం రాసి గిన్నెలో వేసిచ్చాను. అక్క అది చదువుకుని గోడ పట్టుకుని నవ్వింది. మర్నాడు మళ్లీ గిన్నెతో వచ్చి, "నీ ఉప్పు శానా బాగుండాది, ఇంగోటి ఏసియ్యి," అంది.

అట్లా మూడేళ్లు ఆమె కూర పెట్టింది, నేను మాట పెట్టాను. చీటీలు పోతున్నాయని ఒక నోటుపుస్తకం కొనిచ్చి, అర్థం, వాడుక, పర్యాయపదాలు అని మూడు గడులు గీసిచ్చాను. వాడుక గడిలో సొంత వాక్యమే రాయాలి, అది నా చట్టం. తప్పు కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని, తప్పున్న వాక్యాన్ని శుభ్రంగా మూడుసార్లు రాయమనేదాన్ని. బడిలో పిల్లలకు పెట్టే శిక్షే తనకంటే ఎనిమిదేళ్లు చిన్నదాన్ని నేను పెడితే, అక్క బుద్ధిగా చెనిక్కాయలు ఒలిచే చేటను పక్కన పెట్టి రాసుకొచ్చేది. నైబర్ అన్న మాట ఇచ్చిన రోజున మూడో గడి దగ్గర ఆగిపోయింది. "పక్కింట్లో ఉండేదానికి ఇంగో పేరే లేదా ఇంగిలీసులో?" అని అడిగింది. డిక్షనరీ తిరగేసి, లేదు, ఖాళీగా వదిలెయ్యి అన్నాను. అయ్యో పాపం అని ఇంగ్లీషు మీదే జాలిపడింది.

మూడో ఏడు దాటాక నాకు మదనపల్లెకు బదిలీ అయింది. బస్సు కిటికీలోంచి అక్క ఊరిబిండి గిన్నె నా ఒళ్లో పెట్టి, "ఈ గిన్నె ఇచ్చేదానికన్నా వస్తావులే," అని కళ్లు తుడుచుకుంది. తప్పకుండా వస్తానన్నాను.

ఆ తర్వాత నెలకో ఉత్తరం వచ్చేది, అయిదారు వాక్యాలు ఇంగ్లీషులో, చివర్న మాత్రం తెలుగులో ఒక్క ముక్క, వేళకు తింటాండావా అని. మొదట్లో నేనూ పేజీలకు పేజీలు జవాబు రాశాను. తర్వాత కొత్త బడి, దిద్దాల్సిన పేపర్ల కట్టలు, ఏదో ఒక తొందర. ఒక నెల పరీక్ష పేపర్లు ముందేసుకుని, ఎర్రకలం చేతిలో ఉండగానే ఆమె ఉత్తరం వచ్చింది. నీ గదిలోకి కొత్తవాళ్లు వచ్చినారు, వాళ్లు తలుపు ఎప్పుడూ తియ్యరు, గోడ మీద గిన్నె పెడితే సాయంత్రం దాకా అట్లే ఉండాది, నాకు ఇప్పుడు నైబర్ లేదు అని ఇంగ్లీషులో రాసింది. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తప్పులన్నీ ఎర్రగా చుట్టాను. చివరి వాక్యం మొత్తం కొట్టేసి, కొత్తవాళ్లు వచ్చారంటే నైబర్ ఉన్నట్టే కదా, అర్థమే తప్పు అని పక్కన రాశాను. దాన్ని 'నాకు ఇప్పుడు కొత్త నైబర్లు ఉన్నారు' అని మార్చి, మూడుసార్లు రాసి పంపు అని కింద పెట్టి, ఆమె కాగితమే ఆమెకు తిప్పి పంపించాను. నాదంటూ ఒక్క ముక్క అందులో లేదు. వట్టి గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఆమె దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క మర్యాదను ఆమె దగ్గరే తప్పాను.

పది రోజులకు జవాబొచ్చింది. ఉత్తరం మొత్తం మూడుసార్లు, గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా. చివర్న తెలుగు ముక్క మాత్రం లేదు. నాకు, దిక్కుమాలిన దాన్ని, అది కనిపించలేదు. ఎంత బాగా రాసిందో అని మురిసిపోయి, అడుగున గుడ్ అని కూడా రాసుకుని పెట్టెలో పెట్టాను. ఆ తర్వాత ఉత్తరం రాలేదు. రెండు నెలలు పోయాక నాకు తెలివొచ్చి రాస్తే, నా ఉత్తరాలకు జవాబు లేదు. సిగ్గు చంపుకుని నేను కుప్పం పోయేసరికి మరో అయిదేళ్లయింది. గోడ ఎత్తుగా లేపేశారు, ఆ యింట్లో వేరేవాళ్లున్నారు. మొగుడూ పెళ్లాలు తమిళనాడు పక్క యాడికో పోయినారమ్మా అన్నారే గాని, ఊరు పేరు ఎవరికీ తెలియలేదు. గిన్నె తిరిగి నా సంచిలోనే మదనపల్లెకు వచ్చింది. తర్వాత ఎన్ని ఇళ్లు మారానో! నాతో గోడ మీదుగా మాట్లాడిన మనిషి మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు ఉత్తరాలు లేవు, ఎర్రకలంతో పని లేదు, తప్పులు రాయకముందే ఫోను దిద్దేస్తోంది. మా ఎదురు ఫ్లాటులో మనుషులున్నారు. వాళ్ల చెప్పులు తెలుసు, పేర్లు తెలియవు. భోజనం సంచుల్లో వస్తుంది, తలుపు జానెడు తెరుచుకుని మూసుకుంటుంది. నిన్న ఫోను పక్కన పెట్టి, పెట్టెలోంచి అక్క చివరి ఉత్తరం తీశాను. మూడుచోట్లా చివరి వాక్యం అదే. నాకు ఇప్పుడు కొత్త నైబర్లు ఉన్నారు, నాకు ఇప్పుడు కొత్త నైబర్లు ఉన్నారు, నాకు ఇప్పుడు కొత్త నైబర్లు ఉన్నారు. అక్క మొదట రాసిన వాక్యమే సరైనది, తప్పు నాది. దిద్దుదామని కలం తీశాను. దిద్ది ఏ ఊరికి పంపను?