నేమ్ సర్వర్ పలకని పొద్దు

నెల్లూరులో నేను చేరిన ఆఫీసులో మా సీనియర్‌ని అందరం అక్కా అనేవాళ్లం. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. గాలివాన హెచ్చరికను పడవలవాళ్ల ఫోన్లకు పంపే ప్రోగ్రాం ఆమే రాసింది. వాతావరణం సైటు చిరునామా ఏమిటని అది ముందు, సైట్ల చిరునామాలు చెప్పే నేమ్ సర్వర్‌ని అడిగేది. ప్రశ్న వెళ్లగానే అక్క కీబోర్డు వదిలి చేతులు ఒళ్లో పెట్టుకునేది.

"అడిగినాం గదా, చెప్తాది," అనేది.

ఒక ఉదయం ఎక్కడో కేబుల్ తెగింది. ఫోన్లలోనూ నెట్ లేదు, కాల్స్ మాత్రం కలుస్తున్నాయి. చేపల వేటకు బయల్దేరబోతూ అక్క తమ్ముడు ఫోన్ చేశాడు.

"గాలి ఎట్టుందక్కా? పొయ్యేదా?"

"ఉండరా, నేమ్ సర్వర్ పలకడంలా."

ఇంకో సర్వర్‌ని అడిగింది. అదీ పలకలేదు.

"అందరూ పోతుండారు. నేనూ పోతా," అని అతను ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం నెట్ వచ్చింది, హెచ్చరికా వచ్చింది. అప్పటికే సముద్రం లేచింది. మిగతా పడవలు ఒడ్డుకు చేరాయి. అతనిది చేరలేదు.

కర్మకాండ అయ్యాక అక్క ఆఫీసుకు వచ్చి ప్రోగ్రాం తెరిచింది. తమ్ముడి ఫోన్ నంబరు దగ్గర ఆగింది.

"ఇది తీసెయ్యమంటావా?" అని నన్ను అడిగింది.