అమ్మ కుట్టిన ఎనిమిది

పొద్దున మన బోయిగూడ బడి గ్రూపులో ఎవరో భారత మహిళల వాలీబాల్ జట్టు చరిత్ర అంటూ పాత ఫొటోలు పెట్టారు. మీరంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను మాత్రం ఒక్క ఫొటో దగ్గరే ఆగిపోయాను.

మా అక్క ఆ జట్టుకు ఎంపికైందని బడికి సెలవిచ్చారు, గుర్తుందా? అప్పట్లో జెర్సీ ఉత్తదే ఇచ్చేవారు, నంబరు ఇంట్లోనే కుట్టుకోవాలి. అమ్మ నా పాత తెల్ల యూనిఫాం చొక్కా కత్తిరించి ఎనిమిది అంకె కుట్టింది. తెల్లదారం అయిపోతే చివరి వంపు ఎర్రదారంతో ముగించింది. జెర్సీ అంతా కుట్టుమిషన్ నూనె వాసన.

మర్నాడు మన వాలీబాల్ సార్ ఇంటికొచ్చారు.

"దేశం పేరు రాయించాలె బిడ్డా. జెర ఆ జెర్సీ ఇయ్యి, ఎల్లుండి నేనే తెచ్చిస్త."

మడతపెట్టి ఆయన చేతికిచ్చింది నేనే. జెర్సీ తిరిగి రాలేదు. అక్క అడిగితే, "నీ ఎత్తు సరిపోదని పైవాళ్లు తీసేసిన్రు, నేనేం జేస్త," అన్నారు. అక్క నమ్మింది. అప్పటినుంచి ఏటా దసరాకు మారేడ్‌పల్లిలో సార్ ఇంటికి వెళ్లి, ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టి వస్తోంది.

ఆ ఫొటోలో ఎనిమిదో నంబరు వేసుకుని నవ్వుతున్నది సార్ వాళ్ల అన్న కూతురు. అక్క భుజం దాటని పిల్ల. అంకె చివర ఎర్రదారం.

అక్కకు చూపించాను. వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"మొన్న దసరాకు సుత కాళ్లు మొక్కిన గదనే," అంది.